సత్యనారాయణపురంలో పాత ఇంటికి సీసీ కెమెరాలు: మూడు కొటేషన్లు వచ్చాయి, ఏది తీసుకోవాలి?

సందు చివరి ఇల్లు · జూన్ 8, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. పది రోజుల కిందట మా నాన్నగారి స్కూటరు పోయింది. విజయవాడ సత్యనారాయణపురంలో సందు చివర మా ఇల్లు. డెబ్బైల్లో కట్టింది, పైన ఒక అంతస్తు. కింద అమ్మా నాన్నా, పైన మేము. బండి గేటు లోపలే, వేపచెట్టు పక్కన ఉంది. గొలుసు కూడా వేశారు.

ఎదురింటి పెద్దాయనకు రెండేళ్లుగా కెమెరా ఉంది. అడగగానే కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి రికార్డింగు చూపించారు. ఒకతను గేటు తీసి లోపలికి వస్తాడు. నాలుగు నిమిషాలు వంగి ఏదో చేస్తాడు. బండి తోసుకుంటూ వెళ్లిపోతాడు. అంతా కనిపిస్తుంది, మనిషి తప్ప. ముఖం ఉండాల్సిన చోట సున్నం అలికినట్టుంది. నంబరు ప్లేటు తెల్ల కాగితం. పైగా తెర మూలన ఉన్న గడియారాన్ని నా ఫోనుతో పోల్చి చూస్తే 47 నిమిషాలు ముందుంది. ఫిర్యాదు ఇచ్చాం, రికార్డింగూ ఇచ్చాం. చూసిన ఎస్సైగారు "ఇందులో ఉన్నది నేనేనన్నా మీరు నమ్మాల్సిందే" అని నవ్వారు.

ఇక మన ఇంటికే పెట్టించుకుందామని మూడు చోట్ల అడిగాను.
మొదటిది: 8 కెమెరాలు, 2 మెగాపిక్సెల్, డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె), 1 టీబీ హార్డ్ డిస్కు. రూ.31,000.
రెండోది: 4 ఐపీ కెమెరాలు, 4 మెగాపిక్సెల్, ఎన్‌వీఆర్ (ఐపీ కెమెరాల రికార్డింగు పెట్టె), పీఓఈ స్విచ్ (ఒకే తీగలో బొమ్మ, కరెంటు నడిపేది), 2 టీబీ. రూ.38,500.
మూడోది: 4 వైఫై కెమెరాలు, ఒక్కోదానిలో మెమరీ కార్డు. రూ.12,000.

నాకు మొదటిదే లాభంగా కనిపిస్తోంది, ఎనిమిది కెమెరాలు కదా. మా అమ్మ గోల వేరు. తెల్లవారకముందే ప్రహరీ మీదుగా మందార పూలు కోసుకుపోతున్నది ఎవరో తెలిస్తే చాలట. "స్కూటరుకు ఇన్సూరెన్సు ఉంది, నా పూలకు ఉందా?" అంటోంది.

కుక్క చాలు · జూన్ 8, రాత్రి 9:58

కుక్కను పెంచండి. గడియారం తప్పదు, హార్డ్ డిస్కు నిండదు, కరెంటు పోయినా మొరుగుతుంది.

సందు చివరి ఇల్లు · జూన్ 8, రాత్రి 10:05

ఉందండి. ఆ రికార్డింగులో తోక ఊపుతూ అతని వెనకే గేటు దాకా వెళ్లింది. తోక మాత్రం స్పష్టంగా పడింది.

తీగలవాడు · జూన్ 8, రాత్రి 11:20

పద్నాలుగేళ్లుగా గవర్నర్‌పేటలో ఇదే పని నాది. ముందు ఆ మూడు కొటేషన్లనూ పక్కన పెట్టండి. తెల్ల కాగితం మీద ఇంటి పటం గీయండి. గేటు, మెట్లు, పెరటి తలుపు, బండి పెట్టే చోటు గుర్తు పెట్టి, ఒక్కోదాని పక్కన మీకు ఏం తెలియాలో రాయండి. "ఎవరో వచ్చారు" అని తెలిస్తే చాలా, "వచ్చింది ఫలానావాడు" అని తేలాలా? ఈ రెండూ వేరు వేరు పనులు. ఎదురింటి పెద్దాయన కెమెరా మొదటి పని చక్కగా చేసింది. రెండో పని దానికి ఎవరూ చెప్పలేదు.

చూడకుండానే చెబుతాను, సరిచూసుకోండి. ఆయన కెమెరా మేడ పిట్టగోడకు బిగించి ఉంటుంది, లెన్సు 2.8 ఎంఎం, ఈ అంకె చిన్నదైన కొద్దీ చూపు విశాలం. సందంతా ఒకే చూపులో కనపడాలని అందరూ అదే అడుగుతారు, మేమూ అదే బిగిస్తాం. చూపు విశాలమైన కొద్దీ మనిషి చిన్నవాడవుతాడు. రాత్రి వెలుతురు చాలక కెమెరా ఒక్కో బొమ్మ కోసం సెకనులో 25వ వంతు దాకా కన్ను తెరిచే ఉంచుతుంది. నిలబడ్డ గోడ బాగానే వస్తుంది, కదిలే ముఖం అలికినట్టు వస్తుంది. నంబరు ప్లేటు మీద వెలుగును వెనక్కి కొట్టే పూత ఉంటుంది కాబట్టి కెమెరా ఐఆర్ లైటు (కంటికి కనపడని వెలుగు) పడగానే అది తెల్లగా మెరిసిపోతుంది. దొంగ తెలివైనవాడేం కాదు, పని అలా కుదిరింది.

ఎనిమిది కెమెరాలు మీకు అక్కర్లేదు. నాలుగు చాలు. వాటిలో ఒకటి మాత్రం ముఖాల కోసమే ఉండాలి: గేటు దగ్గర, ఏడెనిమిది అడుగుల ఎత్తులో, లోపలికి వచ్చేవాడికి ఎదురుగా, 6 ఎంఎం లెన్సుతో. మేడ మీద పెడితే టోపీలు, బట్టతలలు తప్ప ఏమీ పడవు.

లెక్కల మాస్టారు · జూన్ 9, ఉదయం 6:10

గుంటూరు బ్రాడీపేట నుంచి. తీగలవాడు గారు చెప్పింది నిజమే, దాన్ని అంకెల్లో పెడతాను, నాకు నిద్ర పట్టని వ్యసనం ఇది.

ఈ రంగానికి ఐఈసీ 62676-4 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని 2014 కూర్పు ప్రకారం మనిషి ఉన్నాడని పసిగట్టడానికి ఆ చోట మీటరు వెడల్పుకు 25 పిక్సెళ్లు చాలు. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 కావాలి. ముక్కూ మొహం తెలియనివాణ్ని అనుమానం లేకుండా గుర్తుపట్టడానికి 250 కావాలి.

2 మెగాపిక్సెల్ బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్లు. దాన్ని 250తో భాగిస్తే 7.7 మీటర్లు. అంటే కెమెరా చూపు వెడల్పు 7.7 మీటర్లు దాటిన చోట కొత్త ముఖం తేలదు. 2.8 ఎంఎం లెన్సు దాదాపు 100 డిగ్రీలు చూస్తుంది. అంత విశాలమైన చూపుకు 7.7 మీటర్ల వెడల్పు ఎంత దూరంలో వస్తుందో తెలుసా? మూడు మీటర్ల పైచిలుకు, అంతే. అదే 6 ఎంఎం లెన్సుకు, సుమారు 50 డిగ్రీలనుకుంటే, ఎనిమిది మీటర్ల దాకా పోతుంది. 4 మెగాపిక్సెల్ తీసుకున్నా 2.8 లెన్సుతో నాలుగు మీటర్ల చిల్లర దగ్గర ఆగిపోతారు. మెగాపిక్సెళ్లు పెంచడం కంటే లెన్సు మార్చడం చవక. ఇదంతా పగటి లెక్క. రాత్రి ఇంకా తగ్గించుకోండి.

ఇక హార్డ్ డిస్కు. కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే, రోజుకు 86,400 సెకన్లు, ఎనిమిదితో భాగిస్తే 21.6 జీబీ. ఎనిమిది కెమెరాలకు రోజుకు 172.8 జీబీ. మీ మొదటి కొటేషన్‌లోని 1 టీబీ ఆరు రోజులు కూడా నిలవదు! మీరు కుటుంబంతో కాశీకి వెళ్లి వారం తర్వాత తిరిగొచ్చి తాళం పగిలిందని చూసేసరికి ఆ రాత్రి మీద కొత్త రికార్డింగు పడిపోయి ఉంటుంది. నాలుగు కెమెరాలు, 2 టీబీ అయితే అదే వేగానికి 23 రోజులు. హెచ్.265 అనే కొత్త కుదింపు పద్ధతిలో రాసే పరికరమైతే 4 మెగాపిక్సెల్ బొమ్మను కూడా సుమారుగా ఆ వేగంలో సర్దవచ్చు. పాత హెచ్.264కు దాదాపు రెట్టింపు కావాలి.

సందు చివరి ఇల్లు · జూన్ 9, ఉదయం 8:33

మాస్టారూ, ఆరు రోజులా! కొటేషన్ ఇచ్చినతను "నెల రోజులు వస్తుంది సార్" అన్నాడు.

తీగలవాడు · జూన్ 9, ఉదయం 9:02

నెల రోజులు వస్తుంది, మనిషి కదిలినప్పుడు మాత్రమే రాసుకునే పద్ధతి పెడితే. వేపచెట్టు ఉందన్నారుగా, కొమ్మ ఊగినా అది కదలికే. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే డిస్కు సగం వేపాకులతో నిండుతుంది.

పాయకాపురం వాసి · జూన్ 9, మధ్యాహ్నం 1:15

లెన్సుల సంగతి పెద్దలు చెబుతున్నారు. నేను ఒక్కటే అడుగుతాను: డీవీఆర్ ఎక్కడ పెడుతున్నారు?

మాది మెట్ల కింద, చెప్పుల స్టాండు పై అరలో ఉండేది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా కాలనీలోకి వచ్చింది. మేం పిల్లల్ని, సర్టిఫికెట్ల సంచిని తీసుకుని మేడెక్కాం. డీవీఆర్ ఎవరికి గుర్తుంటుంది? రోజుల తరబడి నీళ్లు తియ్యలేదు. దిగి చూస్తే పెట్టె నిండా ఒండ్రు. మూత విప్పితే హార్డ్ డిస్కు మీద గోధుమ రంగు పొర ఆరి, చెరువు అడుగులా పగుళ్లిచ్చింది. గోడ మీది కెమెరాలు నాలుగూ బాగానే ఉన్నాయి. చూడటానికి కళ్లున్నాయి, గుర్తుంచుకోవడానికి బుర్ర లేదు.

ఇప్పుడు అటక మీద పెట్టించాను. సత్యనారాయణపురానికి నీళ్లు రాకపోవచ్చు, దొంగకు మెట్ల కింద వెతకడం వచ్చు.

తీగలవాడు · జూన్ 9, మధ్యాహ్నం 2:40

అటక మంచిదే, గాలి ఆడాలి. మన ఎండకు రేకుల కింది అటకలో పెడితే మే నెలలో డిస్కు వేగిపోతుంది. సందు చివరి ఇంటివారు పై అంతస్తులో, లోపలి గదిలో, తలుపులేని అరలో పెట్టించుకోవాలి. హార్డ్ డిస్కు కూడా నిఘా రికార్డింగు కోసం చేసినదే అడగండి. మామూలు కంప్యూటరుది రోజుకు 24 గంటలు ఆగకుండా రాయడానికి చేసింది కాదు, కొంతమంది అదే పెట్టి తేడా జేబులో వేసుకుంటారు. మూత వేయకముందే ఫోటో తీసుకోండి.

మిరప ఘాటు · జూన్ 9, రాత్రి 8:20

గాలి మాట వచ్చింది కాబట్టి గుంటూరు గాలి సంగతి చెబుతాను. మిర్చి యార్డు దగ్గర మా కమిషన్ కొట్టు. సీజనులో గాలిలో కారమే ఉంటుంది. మూడేళ్ల కిందట డీవీఆర్ "బీప్ బీప్" అని మొదలుపెట్టింది. గుమాస్తా తల నొప్పిగా ఉందని మెనూలోకి వెళ్లి ఆ కూత ఆపేశాడు. తెర మీద కెమెరాలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు.

సంక్రాంతి ముందు 11 టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తేలలేదు. రికార్డింగు తీద్దామని కూర్చుంటే చివరి ఫైలు నాలుగు నెలల కిందటిది. ఆ బీప్ హార్డ్ డిస్కు చచ్చిపోయిందని చెప్పే ఏడుపు! రిపేరు కుర్రాడు మూత విప్పగానే తుమ్ములు అందుకున్నాడు, పావుగంట ఆగలేదు. లోపల ఫ్యాను రెక్కల మీద కారం అట్టకట్టి, వేలితో తిప్పినా తిరగలేదు. చిప్పుల మధ్య ఎర్రగా పరచుకుని ఉంది, పచ్చడి జాడీ మూత తీసినట్టే.

ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం నేనే కూర్చుని నిన్నటి రికార్డింగులో ఏదో ఒక నిమిషం తీసి చూస్తాను. ప్రత్యక్షంగా కనిపించడం వేరు, రాసుకోవడం వేరు. ఈ తేడా నాకు 11 టిక్కీలకు తెలిసింది.

బల్లి బాధితుడు · జూన్ 9, రాత్రి 8:51

మాకైతే రాత్రి కాగానే తెర మీద తెల్ల తీగలు, పెద్ద పెద్ద దెయ్యాలు. భార్య భయపడింది. తీరా చూస్తే కెమెరా మూతి దగ్గర సాలీడు గూడు. ఐఆర్ లైటు కంటికి కనపడదు కానీ గూటి దారానికి తగిలి కెమెరాకు దీపావళిలా కనిపిస్తుందట. పురుగులు ఆ వెచ్చదనానికి వస్తాయి, పురుగుల కోసం సాలీడు, సాలీడు కోసం బల్లి. ఒక జంతు ప్రదర్శనశాలకు నెలనెలా కరెంటు బిల్లు కడుతున్నాను.

తీగలవాడు · జూన్ 9, రాత్రి 9:30

నెలకోసారి మెత్తని తడిగుడ్డతో అద్దం తుడవండి, పొడిగుడ్డతో వద్దు, దుమ్ము గీతలు పెడుతుంది. డోమ్ కెమెరా మూతపైన వేలిముద్ర పడినా రాత్రికి మంచు కమ్మినట్టుంటుంది. బాగా పురుగులుంటే కెమెరా ఐఆర్ ఆపేసి, రెండు మూడు అడుగుల పక్కన విడిగా లైటు పెట్టండి. పురుగులు అటు పోతాయి. నిజానికి గేటు దగ్గర 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి తెల్లవార్లూ వెలగనిస్తే ముఖాలకు అది చేసే మేలు ఖరీదైన కెమెరా కూడా చెయ్యదు. ఈ మాట మా వాళ్లెవరూ చెప్పరు. బల్బు అమ్మితే మాకేం మిగులుతుంది?

నిర్వాహకులు · జూన్ 10, ఉదయం 7:00

"సగం ధరకే కెమెరాలు, వెంటనే ఫోను చెయ్యండి" అంటూ ఫోను నంబరుతో వచ్చిన పోస్టును తొలగించాం. అదే సభ్యుడు నిన్న వంటపాత్రల చర్చలో కూడా అదే నంబరు పెట్టారు.

కానూరు కీబోర్డు · జూన్ 10, ఉదయం 10:45

నెట్‌వర్కుల పనిలో ఉన్నాను. మూడో కొటేషన్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతాను.

వైఫై కెమెరా చెడ్డది కాదు. అద్దె ఇంట్లో, హాల్లో, పసిపిల్లల గదిలో సరిపోతుంది. మీ ఇంటికి మాత్రం వద్దు. డెబ్బైల నాటి గోడలంటే మందంగా ఉంటాయి, సంకేతం గేటు దాకా చచ్చీ చెడీ చేరుతుంది. మెమరీ కార్డు కెమెరాలోనే ఉంటుంది, దొంగ కెమెరా పీక్కుపోతే సాక్ష్యం కూడా అతని జేబులోనే పోతుంది. వైఫై అంటే తీగ లేదనుకుంటారు, కరెంటు తీగ ఎలాగూ లాగాలి కదా.

రెండో కొటేషన్‌లోని పీఓఈకి ఒక సుఖం ఉంది. ఒకే క్యాట్ 6 తీగలో బొమ్మ, కరెంటు రెండూ పోతాయి, వంద మీటర్ల వరకు. స్విచ్‌కు, ఎన్‌వీఆర్‌కు, ఇంటర్నెట్ పెట్టెకు కలిపి ఒక చిన్న యూపీఎస్ పెడితే కరెంటు పోయినా అన్నీ నడుస్తాయి.

ఇక అసలు సంగతి, పాస్‌వర్డు. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షలాది కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది. పెద్ద విద్యేమీ కాదు, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును ఎవరూ మార్చలేదు, అంతే. ఆ పరికరాలన్నింటినీ కూడగట్టి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలు పడగొట్టారు. మన దగ్గర ఇంకో జబ్బు. బిగించే అతను వీధిలో ఇరవై ఇళ్లకూ ఒకటే పాస్‌వర్డు పెడతాడు, పైగా అది ఆయన దుకాణం పేరే. తీగలవాడు గారు నొచ్చుకోకూడదు.

తీగలవాడు · జూన్ 10, ఉదయం 11:10

నొచ్చుకోవడం ఎందుకు తల్లీ, నేనూ ఆ పనే చేశాను. ఎవరైనా పాస్‌వర్డు మరిచిపోయానని రాత్రి పదకొండింటికి ఫోను చేస్తే చెప్పడానికి సులువని. పెళ్లికొడుకు ఇల్లూ పెళ్లికూతురు ఇల్లూ ఒకే పాస్‌వర్డు అయిన రోజున, ఒకరి యాప్‌లో ఇంకొకరి హాలు కనిపించి పెద్ద రభస జరిగింది. అప్పటి నుంచి కస్టమరు చేతే టైపు చేయిస్తాను, నేను అటు తిరిగి నిలబడతాను.

కానూరు కీబోర్డు · జూన్ 10, ఉదయం 11:25

అలా తిరిగి నిలబడేవారినే పిలవండి. రౌటరులో పోర్టులు తెరిచే (బయటివాళ్లకు నేరుగా దారి ఇచ్చే) పని ఒప్పుకోకండి, కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడుతో కలుపుకుంటే ఇంట్లో చూసుకోవడానికి చాలు. ఏడాదికోసారి సాఫ్ట్‌వేరు అప్‌డేటు ఉందేమో చూడండి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్తగా అమ్మే సీసీ కెమెరాలకు ఈ రకమైన భద్రతా పరీక్షలు కూడా కేంద్రం తప్పనిసరి చేసింది. దుకాణంలో పాత సరుకు చవకగా అంటగడుతుంటే, ఆ మోడలుకు ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ) ధ్రువీకరణ ఉందా అని అడగండి.

సందు చివరి ఇల్లు · జూన్ 10, రాత్రి 9:15

అయితే రెండోది అనుకుంటున్నాను. ఏ బ్రాండు మంచిది?

తీగలవాడు · జూన్ 10, రాత్రి 10:02

బ్రాండు చివరి ప్రశ్న. సర్వీసు సెంటరు ఊళ్లో ఉన్న ఏ మంచి కంపెనీ అయినా సరే. సీపీ ప్లస్ వాళ్ల సరుకు ఇప్పుడు మన కడప దగ్గర కొప్పర్తిలోనే తయారవుతోంది. అంతకంటే తీగ గురించి అడగండి. సగం ఇళ్లలో పాడయ్యేది కెమెరా కాదు, తీగ. పూర్తి రాగి తీగ అని చెప్పి, రాగి పూసిన అల్యూమినియం లాగుతారు. చివర బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిసిందా, చుట్ట వెనక్కి పంపండి. పీఓఈకి అది అసలు పనికిరాదు, దూరం పెరిగేకొద్దీ కరెంటు దారిలోనే తగ్గిపోతుంది. డీవీఆర్ సెట్టులోనూ ఇదే తంతు: పగలంతా పనిచేసే కెమెరా రాత్రి కాగానే ఆరిపోతుంది. ఐఆర్ లైట్లు వెలగ్గానే 12 వోల్టులు చాలవు. కస్టమరు కెమెరా మార్చమంటాడు, కొత్తదీ రాత్రికి ఆరిపోతుంది.

కెమెరా వెనక జంక్షన్ బాక్సు పెట్టించండి. కనెక్టర్లన్నీ అందులోనే ఉండాలి. ఇన్సులేషన్ టేపు చుట్టి గోడకు వేలాడదీస్తే రెండో వానాకాలానికి విప్పి చూడండి, పిన్ను పచ్చగా చిలుము పట్టి చేతిలోనే విరుగుతుంది. తీగ గోడలోకి దూరే చోట కొంచెం కిందికి వంపు ఇచ్చి పైకి తేవాలి. నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది, లేకపోతే తీగ పట్టుకుని హాల్లోకి నడిచొస్తుంది.

వకీలు నోట్సు · జూన్ 11, ఉదయం 7:50

గుంటూరు కోర్టులో ప్రాక్టీసు. ఇంత ఖర్చు పెట్టి తీసిన రికార్డింగు కోర్టులో నిలవాలంటే రెండు ముక్కలు.

దొంగతనం జరిగాక చాలామంది చేసే పని, తెర మీద ఆడుతున్న బొమ్మను ఫోనుతో వీడియో తీసి వాట్సాప్‌లో పంపడం. పోలీసులకు ఆచూకీ కోసం అది పనికొస్తుంది, సాక్ష్యానికి అసలు ఫైలు కావాలి. డీవీఆర్‌లోంచి పెన్‌డ్రైవులోకి నేరుగా తీయండి, కత్తిరించకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం దానికి ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలు: పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వారు ఒకటి, నిపుణుడు ఒకటి నింపుతారు. ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి, ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది.

గడియారం తప్పుగా ఉంటే దాన్ని సరిచేసి పాత రికార్డింగు తీయకండి. ముందు తెరను, సరైన సమయం చూపే ఫోనును పక్కపక్కన పెట్టి ఫోటో తీసి, ఎంత తేడా ఉందో ఫిర్యాదులోనే రాయండి. మీ 47 నిమిషాలు అలా రాశారా?

మిరప ఘాటు గారికి: జనం గుమిగూడే వ్యాపార స్థలాలకు 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 30 రోజులు ఉంచాలని చెబుతోంది. మీ కొట్టు దాని కిందికి వస్తుందో లేదో చూసుకోండి. నాలుగు నెలలు ఖాళీ అంటే మీ టిక్కీలతో పోయేది కాదు.

సందు చివరి ఇల్లు · జూన్ 11, ఉదయం 8:20

రాయలేదు. ఈ రోజే వెళ్లి రాసిస్తాను. ఎదురింటాయన గడియారం ఇంకా సరిచేయలేదు, అదృష్టం.

పోరంకి ఫ్లాట్ · జూన్ 11, మధ్యాహ్నం 3:30

మా అపార్టుమెంటు అసోసియేషన్‌కు నేను కార్యదర్శిని, కోరి తెచ్చుకున్న తలనొప్పి. మూడో అంతస్తులో ఒకరు తమ గుమ్మం పైన సొంతంగా కెమెరా పెట్టుకున్నారు. అది నేరుగా ఎదురు ఫ్లాటు తలుపులోకి చూస్తుంది. తలుపు తీస్తే వాళ్ల హాలు, సోఫా, సోఫాలో కాళ్లు చాపుకున్న మామగారు. నెల రోజులు లిఫ్టులో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. చివరికి తేలిందేమిటంటే, మెనూలో ఒక నల్ల గడి ఉంటుందట, దాన్ని లాగి ఎదుటి తలుపు మీద కప్పేస్తే ఆ ముక్క అసలు రికార్డే కాదు. రెండు నిమిషాల పని. మాటలు రికార్డు చేసే మైకు కూడా ఆపించాం. మామగారు మళ్లీ కాళ్లు చాపుకుంటున్నారు.

వకీలు నోట్సు · జూన్ 11, సాయంత్రం 5:05

మంచి పని చేశారు. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల తగాదాలో, ఒకరి నివాస భాగంలో వారి అనుమతి లేకుండా ఇంకొకరు కెమెరాలు పెట్టడం ఏకాంత హక్కుకు భంగమని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. సందు చివరి ఇంటివారు కూడా గేటు కెమెరాను తమ గేటు వరకే తిప్పుకోవాలి, ఎదురింటి వరండాలోకి కాదు.

పాయకాపురం వాసి · జూన్ 11, రాత్రి 8:45

ఇంకో మాట. ఇల్లంతా తాళం వేసి ఊరెళ్లేటప్పుడు ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల నిఘా) అని ఏపీ పోలీసుల యాప్ ఉంది. నమోదు చేసుకుంటే వాళ్లే ఇంట్లో తాత్కాలికంగా కెమెరా పెట్టి వెళ్తారు, డబ్బు తీసుకోరు. మీ స్టేషన్‌లో అడిగి చూడండి.

సందు చివరి ఇల్లు · జూన్ 29, రాత్రి 7:30

ఆలస్యానికి మన్నించండి. పోయిన వారం పని పూర్తయింది. నాలుగు ఐపీ కెమెరాలు. కొటేషన్‌లో అన్నింటికీ 2.8 లెన్సులే ఉన్నాయి, గేటుకు 6 ఎంఎం అడిగితే దుకాణదారు "సార్, మీకు సందు కనపడదు" అని రెండుసార్లు హెచ్చరించాడు. సందు నాకు అక్కర్లేదని చెప్పాను. తీగ చివర బ్లేడుతో గీకాను, ఎర్రగానే ఉంది. గీకుతుంటే బిగించడానికి వచ్చిన కుర్రాడు నా వైపు గౌరవంగా చూశాడు, లేదా జాలిగా. పాస్‌వర్డు నేను టైపు చేశాను, అటు తిరగమంటే నవ్వుతూ తిరిగాడు. రికార్డరు పై అంతస్తులో పుస్తకాల అరలో ఉంది. గేటు మీద బల్బు వెలుగుతోంది. సర్వీసు ఒప్పందానికి ఏడాదికి రూ.4,000 అడిగాడు. ఏమేం వస్తాయని అడిగితే "కెమెరాలు తుడుస్తాం" అన్నాడు, అది నేనే తుడుచుకుంటానన్నాను.

స్కూటరు దొరకలేదు.

మందార పూల దొంగ దొరికాడు. మొన్న ఉదయం అమ్మ కాఫీ గ్లాసుతో తెర ముందు కూర్చుని ఒక్కసారి "ఒరేయ్, ఇలా రా" అంది. ముఖం మీద విభూతి గీతలు మూడూ లెక్కపెట్టవచ్చు. చేతిలో ఇత్తడి పూలసజ్జ. మా ప్రహరీ మీదికి వంగి, మొగ్గల్ని వదిలేసి విచ్చిన పూలే ఏరుకుంటున్నారు ఎదురింటి పెద్దాయన. కాఫీ ఇచ్చి రికార్డింగు చూపించిన ఆయనే.

నాన్న వెళ్లి అడుగుతానన్నారు. అమ్మ వెళ్లనివ్వలేదు. "పాపం, మొగ్గలు తుంచట్లేదు కదా. రేపటి నుంచి నేనే నాలుగు గంటలకు లేచి మన పూలు ముందు కోసుకుంటాను" అంది. మాటలకే, ఇంకా లేవలేదు.

తీగలవాడు · జూన్ 29, రాత్రి 8:10

విభూతి గీతలు లెక్కపెట్టారంటే లెన్సు సరిగ్గా కూర్చుంది. గడియారం చూశారా?

సందు చివరి ఇల్లు · జూన్ 29, రాత్రి 8:14

చూశాను. తెర మీద 5:12. అదే నిమిషంలో పాల ప్యాకెట్టు అబ్బాయి నాన్నకు చేసిన ఫోను కూడా 5:12. ఎదురింటి గడియారం మాత్రం ఇప్పటికీ 47 నిమిషాలు ముందే ఉంది. సరిచేసి ఇద్దామనుకున్నాను, ఎలా వెళ్లాలో తెలియడం లేదు.

కుక్క చాలు · జూన్ 29, రాత్రి 8:20

కుక్క ఏమంది?

సందు చివరి ఇల్లు · జూన్ 29, రాత్రి 8:26

ఆయన పక్కనే కూర్చుంది.